లేని ఓడకు కొలత



ఈ రోజు మీతో ఒక ఓడ గురించి మాట్లాడాలని వచ్చాను. అది నీళ్ళ మీద తేలే ఓడ కాదు, చుక్కల మధ్య తిరిగే ఓడ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఓడ అసలు లేదు. టెలివిజన్ కథల కోసం ఎవరో ఊహించి, చెక్కతోనూ ప్లాస్టిక్‌తోనూ బొమ్మ చేసి, కెమెరా ముందు నిలబెట్టినది. అలాంటి ఓడ పొడవెంత, అందులో ఎంతమంది పడతారు అన్నది నా ప్రసంగ విషయం. లెక్కల మాస్టారికి మతి చలించిందని అప్పుడే రేడియో కట్టెయ్యకండి. ఈ ప్రశ్న నాది కాదు. మా బడిలో ఏడో తరగతి పిల్లవాడిది.

నేను బాగేపల్లి తాలూకాలో ఒక పల్లెటూరి బడిలో లెక్కలూ సైన్సూ చెబుతాను. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. పాఠం కన్నడంలో చెప్పి, వాళ్ళ ముఖాలు చూసి, మళ్ళీ తెలుగులో చెప్పడం మా సరిహద్దు టీచర్లందరికీ అలవాటే. పాఠం రెండుసార్లు చెప్పినా జీతం మాత్రం ఒకటే. ఆ రోజు చెబుతున్నది 'అనుపాత'. ఈ మాటతో మాకు ఎప్పుడూ తంటాయే. కన్నడ పుస్తకంలో 'అనుపాత' అంటే రెండు సంఖ్యల పోలిక. అలాంటి రెండు పోలికలు సమానమైతే దాన్ని 'సమానుపాత' అంటారు. తెలుగు పుస్తకంలో మొదటిదాని పేరు నిష్పత్తి, రెండోదాని పేరు అనుపాతం. మాట ఒకటే, గడప దాటితే అర్థం మారిపోతుంది. హిందూపురం వైపు నుంచి మధ్యలో వచ్చి చేరిన పిల్లలు పాపం ఇక్కడ తికమక పడతారు.

సరే, పాఠం నడుస్తుండగా వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "సార్, ఫోన్‌లో నేనొక నౌకను చూసినా. పళ్ళెం మాదిరి ఉంటాది, వెనక రెండు గొట్టాలుంటాయి. అది నిజంగా ఎంత పొడుగుంటాది సార్?" అని అడిగాడు. నేను తొందరలో ఉన్నాను. "లేనిదానికి కొలతేమిటిరా? కూర్చో" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు వారాలు వాడు చెయ్యి ఎత్తలేదు. అంతకుముందు పీరియడ్‌కు నాలుగుసార్లు ఎత్తేవాడు.

నేను తప్పు చేశానని ఆ రాత్రే తెలిసింది. ఎందుకంటే ఆ ప్రశ్న నాకూ ఒకప్పుడు ఉండేది. నా చిన్నతనంలో మా వీధికంతా ఒకటే టీవీ. 1980ల చివర్లో దూరదర్శన్‌లో 'స్పేస్ సిటీ సిగ్మా' అనే హిందీ ధారావాహిక వచ్చేది. ఆ దశకంలోనే అమెరికా వాళ్ళ 'స్టార్ ట్రెక్' కూడా ఆదివారం ఉదయాల్లో వచ్చింది. హిందీ కొంచెం, ఇంగ్లీషు ఇంకా కొంచెం. కథ సగం కూడా అర్థం కాకపోయినా నౌకలు మాత్రం అర్థమయ్యేవి. గోడ మీద బొగ్గుతో గీసేవాళ్ళం. మా అన్న ఆ నౌక ఆర్టీసీ బస్సంత ఉంటుందనేవాడు, నేను నందికొండంత ఉంటుందనేవాణ్ణి. ఆ పోట్లాట తీరలేదు. ఎట్లా తీర్చుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు.

అయితే తీర్చే ఉపాయం చాలా పాతది. కొబ్బరిచెట్టు ఎత్తు తెలుసుకోవాలంటే చెట్టెక్కనక్కరలేదు. మూరెడు కర్రను ఎండలో నిలబెట్టండి. కర్ర నీడ రెండు మూరలు పడిందనుకోండి, అదే వేళకు చెట్టు నీడ నలభై మూరలుంటే చెట్టు ఇరవై మూరలు. దీన్నే మన పెద్దలు త్రైరాశికం అన్నారు. తెలిసినవి మూడు ఉంటే తెలియని నాలుగోది దానంతటదే బయటపడుతుంది. తొమ్మిదో శతాబ్దంలో కన్నడ దేశాన్నేలిన అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. అందులో నీడల లెక్కలకు ఒక అధ్యాయమే ఉంది. దాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. కన్నడ సీమలో పుట్టిన లెక్క తెలుగులోకి రావడానికి అప్పుడూ ఒక మాస్టారు మధ్యలో ఉండవలసి వచ్చిందన్నమాట. ఈ మాట మా స్టాఫ్ రూములో చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం భలే సంతోషం.

కర్రనూ చెట్టునూ కొలిచినట్టే బొమ్మలో ఉన్న ఓడనూ కొలవచ్చు. కావలసింది ఒక్కటే. బొమ్మలో ఎక్కడో ఒకచోట మనకు కొలత తెలిసిన వస్తువు కనిపించాలి. ఒక మనిషి, ఒక తలుపు, ఒక కిటికీ. మనిషి ఐదున్నర అడుగులు, తలుపు ఏడడుగులు, ఒక అంతస్తు ఎత్తు సుమారు పదడుగులు. బొమ్మలో తలుపు ఎంతుందో, ఓడ ఎంతుందో స్కేలు పెట్టి చూస్తే మిగతాది త్రైరాశికమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నేల మీద మన కంటికి ఎన్నో సాయాలు ఉంటాయి. దూరపు కొండ మంచులో మసకగా కనిపిస్తుంది, పక్కన చెట్టుంటుంది, కింద మేకలు మేస్తుంటాయి. అందుకే కొండ పెద్దదని చూడగానే తెలుస్తుంది. అంతరిక్షంలో గాలి లేదు, మసక లేదు, చెట్టు లేదు, మేక లేదు. నల్లటి తెర మీద తెల్లటి ఓడ. అది జానెడుందో ఆమడ పొడవుందో కన్ను చెప్పలేదు. కాబట్టి బొమ్మ చేసేవాళ్ళు దాని ఒంటి నిండా చిన్న చిన్న కిటికీలు పెట్టి, వాటిలో దీపాలు వెలిగిస్తారు. కిటికీ ఎంత చిన్నదైతే ఓడ అంత పెద్దదిగా కనిపిస్తుంది. ఉన్న బొమ్మనే ఉంచి కిటికీలను సగానికి తగ్గించండి, ఓడ రెండింతలవుతుంది. ఖర్చంతా రంగు డబ్బాకే.

ఇది అమెరికా వాళ్ళ విద్య అనుకోకండి. మన 'మాయాబజార్' 1957లో వచ్చింది. అందులో వెన్నెల్లో మెరిసే ద్వారకా నగరాన్ని చూసి మురిసిపోనివాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరున్నారు? ఆ ద్వారక వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో కట్టిన బొమ్మల ఊరు. సుమారు 300 ఇళ్ళ నమూనాలు, ఇంటింటికీ విద్యుద్దీపం. లెక్క వెయ్యండి. 50ని 60తో గుణిస్తే 3000 చదరపు అడుగులు. 300 ఇళ్ళు. వీధులూ సందులూ కలుపుకుని ఒక్కో ఇంటికి వచ్చేది పది చదరపు అడుగులు. మన ఊళ్ళో అరుగు మీద పరిచిన చాప కంటే చిన్నది. కాని కిటికీలో వెలుగు కనిపించగానే మన మనసు అక్కడ ఒక మనిషిని నిలబెడుతుంది. మనిషి నిలబడ్డాక మేడ తనంతట తానే లేస్తుంది.

ఇక ఆ పళ్ళెం ఓడ దగ్గరికి వద్దాం. దాని పేరు ఎంటర్‌ప్రైజ్. 'స్టార్ ట్రెక్' అమెరికా టెలివిజన్‌లో 1966 సెప్టెంబరులో మొదలైంది. ఓడను రూపొందించినవాడు మాట్ జెఫరీస్. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో ఎగిరినవాడు కాబట్టి ఆయనకు యంత్రం అంటే ఏమిటో తెలుసు. షూటింగుకు చేసిన పెద్ద బొమ్మ పొడవు సుమారు 11 అడుగులు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి విమాన, అంతరిక్ష ప్రదర్శనశాలలో ఉంది. కథలో ఓడ పొడవు 947 అడుగులని నిర్ణయించారు. మీటర్లలో సుమారు 289. 947ని 11తో భాగిస్తే 86 వస్తుంది. అంటే బొమ్మ మీద ఒక అడుగు, ఓడలో 86 అడుగులు. ఆరడుగుల మనిషి ఆ బొమ్మ మీద నిలబడాలంటే రెండు సెంటీమీటర్లు ఉండాలి. చిటికెన వేలి మొదటి కణుపంత.

289 మీటర్లంటే ఎంత? అంకె చెబితే పిల్లలకు అందదు, నిజానికి పెద్దలకూ అందదు. మన నౌకాదళంలో 2022లో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 262 మీటర్లు. కథలోని ఓడ దానికంటే కొంచెం పెద్దది. సముద్రం చూడని మా పిల్లలకు ఇదీ పనికి రాదు. చిక్కబళ్ళాపురం దగ్గర ఆవలగుర్కిలో 2023లో ఆవిష్కరించిన ఆదియోగి విగ్రహం 112 అడుగులు. దాన్ని అందరూ చూశారు. అలాంటివి ఎనిమిదిన్నర పడుకోబెడితే మన ఓడ. మన కేఎస్‌ఆర్‌టీసీ బస్సు సుమారు 11 మీటర్లు. అలాంటివి 26 వరసగా నిలబెట్టాలి. మా అన్న ఓడిపోయాడు. నా కొండ కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

రెండు వారాల తర్వాత నేను ఆ పిల్లవాణ్ణి లేపి, "మొన్న నువ్వడిగినదానికి జవాబు ఉంది, నేనే చెప్పలేదు. ఇవాళ కొలుద్దాం పట్టు" అన్నాను. వాడు నమ్మలేదు. సర్వే టేపు ఇచ్చాక నమ్మాడు. టేపు 30 మీటర్లు. తొమ్మిది టేపులు, ఇంకా పైన 19 మీటర్లు. బడి గేటు దగ్గర ఓడ ముక్కు పెట్టాం. పళ్ళెం ఆంజనేయస్వామి గుడి దాటింది. గొట్టాలు రేషన్ అంగడి మీదుగా పోయాయి. తోక చెరువు కట్ట ఎక్కి తూము దగ్గర ఆగింది. గుడి అరుగు మీద కూర్చున్న అవ్వ ఒకామె, "ఏం కొలుస్తాండారు నాయనా, రోడ్డేస్తారా?" అని అడిగింది. "లేదవ్వా, ఓడ" అన్నారు పిల్లలు. "ఓడా? ఈ చెరువులో నీళ్ళెక్కడియి?" అంది ఆమె.

మరుసటి రోజు ఇద్దరు పిల్లల మధ్య తగాదా. ఒకడు 289 అంటాడు, ఇంకొకడు ఫోన్‌లో చూసి 642 అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. 1987లో మొదలైన కొత్త ధారావాహికలో అదే పేరుతో మరో ఓడ వచ్చింది. దాని పొడవు సుమారు 642 మీటర్లు. అది మా చెరువు కట్ట దాటి పక్క ఊరి పొలాల్లోకి పోతుంది కాబట్టి కొలవలేదు.

కాని ఈ తగాదా వల్ల ఒక మంచి లెక్క దొరికింది. 642ని 289తో భాగిస్తే 2.2 చిల్లర. పొడవు రెండింతలు దాటితే చోటు కూడా రెండింతలే పెరుగుతుందా? రాగి సంగటి ముద్దను తలుచుకోండి. ముద్ద అడ్డం రెండింతలు కావాలంటే పిండి రెండింతలు చాలదు, ఎనిమిదింతలు కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పెరుగుతాయి కదా. ఇది మా పిల్లల తల్లులకు తెలుసు, పిల్లలకు తెలియదు. అదే లెక్కన 2.2 చిల్లరను మూడుసార్లు గుణిస్తే సుమారు 11 వస్తుంది. రెండు ఓడల ఆకారం అచ్చంగా ఒకటి కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. పాత ఓడలో 430 మంది, కొత్త ఓడలో వెయ్యికి కొంచెం పైన. చోటు పదకొండింతలు పెరిగింది, జనం రెండున్నర ఇంతలు కూడా పెరగలేదు. ఎందుకని? కొత్త కథలో సిబ్బంది భార్యాబిడ్డలతో సహా ప్రయాణం చేస్తారు, ఓడలో బడి కూడా ఉంటుంది. కథ రాసినవాళ్ళకు ఆ చోటు కావలసి వచ్చింది. అంటే పొడవు అంకెలోనే కథ సగం దాగి ఉంది. పొడవు కొలవడంలో కొంచెం పొరపాటు చేస్తే చోటు లెక్కలో అది మూడుసార్లు గుణించుకుని పెద్ద పొరపాటవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఇంతవరకూ లెక్క నునుపుగా సాగింది. లెక్క కుదరని చోటు ఇంకా రుచిగా ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్‌లో గెలీలియో అని ఒక చిన్న పడవ ఉంది. పెద్ద ఓడ నుంచి నేల మీదికి దిగడానికి వాడేది. 1967 జనవరిలో వచ్చిన ఒక భాగంలో దాని కథే నడుస్తుంది. దాని పొడవు 24 అడుగులని అందులో ఒక పాత్ర అంటుంది. షూటింగు కోసం కట్టిన బయటి నమూనా సుమారు 22 అడుగులే. దాని పక్కన మనిషిని నిలబెట్టి చూస్తే, లోపల తల వంచుకుని నిలబడాలని తెలిసిపోతుంది. కాని లోపలి దృశ్యాల్లో పొడుగాటి నటులు నిటారుగా నిలబడి అటూ ఇటూ నడుస్తారు. లోపలి గది బయటి పెట్టెలో పట్టదు.

ఎందుకిలా? బయటిదాన్ని ఒకచోట కట్టారు, లోపలిదాన్ని ఇంకొకచోట కట్టారు. బయట పెద్దది కడితే ఖర్చు ఎక్కువ, మొయ్యడం కష్టం. లోపల చిన్నది కడితే కెమెరా దూరదు, దీపాలు పెట్టడానికి చోటుండదు. వారానికో భాగం పూర్తి చెయ్యాలి. నేనైతే వాళ్ళను తప్పు పట్టను. నాటకాల వాళ్ళ తెర మీది కోటలో రాజు దూరగలడా అని మనం ఏనాడైనా అడిగామా?

ఈ చిక్కును ఇంగ్లండు వాళ్ళు ఇంకో రకంగా దాటారు. బీబీసీలో 1963లో మొదలైన 'డాక్టర్ హూ'లో కాలనౌక బయటికి పోలీసు పెట్టె, అంటే టెలిఫోన్ బూత్ లాంటిది. లోపలికి పోతే హాలంత. అదేమిటని అడిగితే, మా యంత్రం లోపల పెద్దది, బయట చిన్నది అని కథలోనే చెప్పేశారు. ఇక కొలిచేవాడు నోరు మూసుకోవలసిందే. మన పుష్పక విమానమూ అంతే కదా. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని పెద్దలు చెబుతారు. ఈ మాట తరగతిలో అంటే ఒక ఆడపిల్ల, "చింతామణి ఆటోలు కూడా అంతే సార్" అంది.

మూడో రకం చిక్కు కూడా ఉంది. 'స్టార్ ట్రెక్'లో శత్రువుల ఓడ ఒకటి, గద్ద రెక్కలు చాపినట్టుంటుంది. 1984 నాటి సినిమాలో దాన్ని డజను మంది నడిపే చిన్న ఓడగా చూపారు. 1986 నాటి సినిమాలో అదే ఓడ కడుపులో రెండు తిమింగలాలను మోసుకుపోతారు. ఆ జాతి తిమింగలం పెద్దదైతే 14, 15 మీటర్లుంటుంది. తర్వాత టెలివిజన్ కథల్లో అదే బొమ్మను కొత్త ఎంటర్‌ప్రైజ్ పక్కన చాలా పెద్దదిగా చూపిన సందర్భాలున్నాయి. బొమ్మ చేయించడానికి డబ్బవుతుంది కాబట్టి ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ వాడారు. అప్పుడు దేన్ని నమ్మాలి? పాత్ర నోట చెప్పిన అంకెనా, తిమింగలాన్నా, పక్కనున్న ఓడనా? నా మటుకు నేను ముందు తలుపును నమ్ముతాను. అంకెను కలంతో ఎప్పుడైనా మార్చవచ్చు, తలుపు మాత్రం మనిషి దూరేట్టు చెయ్యక తప్పదు. మా పిల్లలు తిమింగలానికి ఓటు వేశారు. ఈ ప్రశ్నకు ఒకటే జవాబు లేదని నేను చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడవలసింది. పుస్తకం వెనక జవాబు లేని లెక్క వాళ్ళు అదే మొదటిసారి చూడటం.

పక్కనున్న ఓడను ఎందుకు అంతగా నమ్మకూడదో కూడా చెప్పాలి. ఫోటోలో రెండు వస్తువులు పక్కపక్కన కనిపించినంత మాత్రాన అవి ఒకే దూరంలో ఉన్నట్టు కాదు. దగ్గరిది పెద్దగా కనిపిస్తుంది, దూరంది చిన్నగా కనిపిస్తుంది. బొటనవేలు కంటికి అడ్డం పెడితే పున్నమి చంద్రుడు మాయమవుతాడు. అంతమాత్రాన వేలు చంద్రుడంత కాదు. ఇది నేను తరగతిలో చెప్పాను. పిల్లలు తలలూపారు. తలలూపితే అర్థమైనట్టు కాదని ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికి తెలిసి ఉండాలి.

ఓడను అడిగిన పిల్లవాడి నాన్న టమాటా రైతు. పంట చింతామణి మార్కెట్టుకు తోలుతాడు. బోరు సరిగా పోయక, వానకాలానికి ముందు పొలంలో కృషి హొండ తవ్వించాడు. తెలుగులో చెప్పాలంటే సేద్యపు కుంట. జేసీబీ ఆయనతో మాట్లాడుకున్నది పన్నెండు మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు. నాలుగు లక్షల ముప్పై వేల లీటర్లు పడతాయని ఆయన చెప్పాడట. డబ్బు సగం ఇచ్చారు, సగం ఇవ్వాలి.

ఒక సోమవారం ఉదయం ఆ పిల్లవాడు ఎర్రబడ్డ ముఖంతో వచ్చాడు. "సార్, మా నాయన్ను మోసం చేసినారు" అన్నాడు. వాడు దూరంగా గట్టు మీద నిలబడి ఫోన్‌తో కుంటను ఫోటో తీశాడు. ఫోటోలో వాళ్ళ నాన్న ఈ ఒడ్డున నిలబడి ఉన్నాడు. బడి కంప్యూటర్లో ఫోటో పెద్దది చేసి స్కేలు పెట్టాడు. నాన్న 3 సెంటీమీటర్లు, అవతలి ఒడ్డు 14 సెంటీమీటర్లు. నాన్న ఎత్తు 1.68 మీటర్లు. త్రైరాశికం వేస్తే ఒడ్డు 7.84 మీటర్లు. పన్నెండు ఉండవలసింది ఎనిమిది కూడా లేదు. ఇంటికి పోయి నాన్నకు చెప్పేశాడు కూడా. నాన్న ఆ రాత్రే జేసీబీ ఆయన ఇంటి మీదికి పోతానని లేచాడట, వాళ్ళమ్మ ఆపింది.

నాకు గుండె ఝల్లుమంది. లెక్క నేను నేర్పిందే, గుణకారం తప్పు లేదు, కాని నాన్న ఈ ఒడ్డున ఉన్నాడు, కొలిచింది ఆ ఒడ్డును. ఇంకొంచెంలో ఒక మనిషిని దొంగను చేసేవాళ్ళం. సాయంత్రం వాడితో పాటు పొలానికి వెళ్ళాను. వాళ్ళ నాన్నను అవతలి ఒడ్డుకు పంపి, అదే చోటు నుంచి మళ్ళీ ఫోటో తీయించాను. ఈసారి నాన్న 2 సెంటీమీటర్లు, ఒడ్డు అదే 14. ఏడింతలు. 1.68ని 7తో గుణిస్తే 11.76 మీటర్లు. చేతి స్కేలుతో కొలిచిన దానికి ఇది పన్నెండే. టేపు వేశాం, పన్నెండే ఉంది. పిల్లవాడు తల దించుకున్నాడు. నేను కూడా పెద్దగా మాట్లాడలేదు.

లోతు ఫోటోలో తెలియదు కదా. తాడుకు మూరకొక ముడి వేసి, రాయి కట్టి, అడుగుదాకా వదిలాం. కన్నడంలో దీన్ని మొళ అంటారు, మాకు రెండు మాటలూ ఒకటే. ఐదున్నర మూరలు. అంటే రెండున్నర మీటర్లు. నాలుగు చోట్ల చూశాం, అన్ని చోట్లా అంతే. అరమీటరు తక్కువ.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. కుంట గోడలు నిటారుగా ఉండవు, ఉంటే మట్టి నిలవదు. లోపలికి వాలుగా దిగుతాయి. పైన పన్నెండు మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతున తొమ్మిది మీటర్ల చదరం. అలా ఉంటే పట్టేది 333 ఘనపు మీటర్లు, అంటే మూడు లక్షల ముప్పైమూడు వేల లీటర్లు. జేసీబీ ఆయన చెప్పిన నాలుగు లక్షల ముప్పై వేలు నిటారు గోడల లెక్క. అది మోసం కాదు, మూడంకెలు గుణించి చెప్పిన మాట. కాని ఇప్పుడున్న రెండున్నర మీటర్ల లోతుకు పట్టేది 290 ఘనపు మీటర్లే. తేడా నలభైమూడు వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే ఎనిమిది ట్యాంకర్ల పైమాట. వేసవిలో మన వైపు ట్యాంకర్ రేటు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

జేసీబీ ఆయనను పొలానికే పిలిపించారు. కోపంతో కాదు, తాడుతో. ఆయన తాడు చూశాడు, ముడులు లెక్కపెట్టాడు, ఒక మూలన బండ తగిలిందనీ అందుకే అక్కడితో ఆపేశాననీ చెప్పాడు. చూస్తే నిజంగానే ఒక మూల బండ ఉంది. మిగతా మూడు మూలలా ఎందుకు ఆపావంటే జవాబు లేదు. చివరికి ఒక పూట మళ్ళీ తవ్వడానికి ఒప్పుకున్నాడు, డీజిల్ ఖర్చు రైతు పెట్టుకున్నాడు. బండ ఉన్న మూల అట్లాగే ఉండిపోయింది. ఆ మూలకు పోయే నీళ్ళను నేను లెక్కలోంచి తీసెయ్యలేదు, కాబట్టి నా 333 కూడా కొంచెం పెద్ద అంకే. ఆ సంగతి పిల్లవాడే పట్టుకుని నాకు చెప్పాడు.

వానలు పడ్డాయి. కుంట నిండిన రోజు వాళ్ళ నాన్న నన్ను పిలిచి ఒడ్డున కూర్చోబెట్టి పల్లీలు పెట్టాడు. పిల్లవాడు నోటు పుస్తకం తెచ్చాడు. "సార్, ఆ ఓడలో 430 మంది ఉన్నారు గదా, వాళ్ళకు రోజుకు ఎన్ని నీళ్ళు కావాల?" అని అడిగాడు. పల్లెల్లో ఇంటింటికీ కొళాయి పథకంలో మనిషికి రోజుకు 55 లీటర్లని ప్రభుత్వం లెక్క పెట్టుకుంది. అదే వెయ్యమన్నాను. వాడు అక్కడే గుణించాడు. 23,650 లీటర్లు. తర్వాత కుంట నీళ్ళను దానితో భాగించాడు.

"పద్నాలుగు దినాలు వస్తాది సార్, మన కుంట" అన్నాడు.

"వాళ్ళ ప్రయాణం ఎన్నాళ్ళు?" అని అడిగాడు వాళ్ళ నాన్న.

"ఐదేళ్ళు."

ఆయన కుంట వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "వాడిన నీళ్ళను మళ్ళా తేటగా చేసుకునే ఉపాయం లేకపోతే ఆ ఓడ ఎక్కినోళ్ళు చెడినట్టే అయ్యోరా" అన్నాడు. పిల్లవాడు అప్పటికే కొత్త పేజీ తిప్పి, ఆ ఉపాయానికి ఎంత చోటు కావాలని అడుగుతున్నాడు.